మీ బ్రష్షు ఒకసారి చూపించండి

పాఠకుల ప్రశ్నలు, దంతవైద్యురాలి జవాబులు

ఈ నెల ఉత్తరాల కట్ట విప్పితే సగానికి పైగా ఒకే వస్తువు గురించి ఉన్నాయి: పళ్లు తోముకునే బ్రష్షు. ఎప్పుడు మార్చాలి, ఎక్కడ పెట్టాలి, ఎలా కడగాలి, ఒకరిది ఇంకొకరు వాడితే ఏమవుతుంది అని అడిగారు. చదువుతుంటే నాకు ఎంతో సంతోషం కలిగింది. 26 ఏళ్లుగా నా దగ్గరకు మొదటిసారి వచ్చే ప్రతి ఒక్కరికీ చెప్పే మాట ఇదే: "ఈసారి వచ్చేటప్పుడు మీరు వాడుతున్న బ్రష్షు వెంట తెచ్చుకోండి." చాలామంది మొహమాటపడతారు. కొందరు అట్టపెట్టె కూడా విప్పని కొత్త బ్రష్షు పట్టుకొస్తారు. నాకు కావలసింది పాతది. నోరు తెరిపించి అద్దం పెట్టి చూసేముందు ఆ బ్రష్షును దీపం కింద పెట్టి కాసేపు చూస్తాను. ఆ మనిషి చెయ్యి ఎటు నుంచి ఎటు కదులుతుందో, ఎక్కడ ఎక్కువ నొక్కుతుందో సగం అక్కడే తెలిసిపోతుంది. అందుకే ఈసారి శీర్షిక మొత్తం బ్రష్షుకే కేటాయించాను.

ప్రశ్న: డాక్టరుగారూ, బ్రష్షును మూడు నెలలకొకసారి మార్చాలంటారు. నా బ్రష్షు ఐదారు వారాలకే పోగులు విచ్చుకుని పాడైపోతుంది. నా భార్య బ్రష్షు ఐదు నెలలైనా కొత్తదానిలాగే ఉంటుంది. ఇద్దరమూ ఒకే రకం కొంటాం. నా వంతుకే నాసిరకం వస్తోందా? ఆమె కూడా మూడు నెలలకే పారేయాలా?
– ఒక పాఠకుడు, 44 ఏళ్లు

జవాబు: బ్రష్షులో లోపం లేదండీ. మీ చెయ్యి బరువుగా పడుతోంది.

మూడు నాలుగు నెలలకొకసారి బ్రష్షు మార్చమని అమెరికన్ డెంటల్ అసోసియేషన్ చెబుతుంది. ఆ సలహాలోనే ఇంకో మాట కూడా ఉంది: పోగులు విచ్చుకుంటే అంతకన్నా ముందే మార్చాలి అని. జనం మొదటి సగం గుర్తుపెట్టుకుని రెండో సగం మరిచిపోతారు. నా దృష్టిలో ఆ రెండో సగమే ముఖ్యం. క్యాలెండరు అందరికీ ఒకటే, చేతివాటం ఎవరిది వారిదే.

పోగులు విచ్చుకుంటే నష్టమేమిటో చెబుతాను. పాచి ఎక్కువగా పేరుకునేది పంటికీ చిగురుకూ మధ్య ఉన్న సన్నని గీత దగ్గర. గోరుతో గీకితే తెల్లగా, మెత్తగా అంటుకునేదే పాచి. దాని నిండా సూక్ష్మజీవులే. ఆ గీతలోకి దిగగలిగేది పోగు కొన మాత్రమే. కొత్త బ్రష్షులో కొనలన్నీ నిటారుగా నిలబడి ఉంటాయి కాబట్టి ఆ సందులోకి తిన్నగా వెళతాయి. విచ్చుకున్న బ్రష్షులో కొనలు పక్కకు పడుకుంటాయి, పంటికి తగిలేది పోగు నడుము. నురగ బాగానే వస్తుంది, నోరు శుభ్రపడినట్టే అనిపిస్తుంది, పాచి మాత్రం ఉన్నచోటే ఉంటుంది. పైగా పక్కకు తిరిగిన ఆ కొనలు చిగురును గీరుతుంటాయి.

గత ఏడాది ఒకాయన వచ్చారు. పైవరుసలో ఎడమ కోరపన్ను చల్లటి నీళ్లు తగిలితే జివ్వుమంటోందని బాధ. మర్నాడు బ్రష్షు తెచ్చారు. నీలం పిడి, గట్టి పోగులు. దీపం కింద పెట్టి చూస్తే కుచ్చులన్నీ రెండు పాయలుగా విడిపోయి, గాలివానకు వాలిన చేనులా పడి ఉన్నాయి. వాటి మొదళ్ల దగ్గర ఎండిన పేస్టు తెల్లగా గడ్డకట్టి ఉంది. పిడి మీద బొటనవేలు ఆనే చోట అచ్చు అక్షరాలు అరిగి నున్నగా అయిపోయాయి. "కుడిచేత్తో, అడ్డంగా, ఎడమవైపు నుంచి మొదలుపెట్టి తోముతారు కదూ?" అన్నాను. ఆయన తల ఊపారు. నోరు తెరిస్తే ఆ కోరపన్ను దగ్గర చిగురు రెండు మిల్లీమీటర్లు వెనక్కు జారి ఉంది. పంటి మొదట్లో చాకుతో చెక్కినట్టు ఒక గాడి. వేరు మీద ఎనామెల్ ఉండదు, అందుకే చలి నేరుగా లోపలికి తాకుతోంది. అదే నోట్లో కుడివైపు చివరి దవడపళ్ల లోపలి పక్కన దూది పుల్లతో తీస్తే వచ్చేంత పాచి! ఒకచోట అతిగా రుద్దుతున్నారు, ఇంకోచోటికి చెయ్యే వెళ్లడం లేదు. గాడిని పూడ్చగలిగాను. జారిన చిగురు దానంతటది తిరిగి తన చోటికి రాదు. ఆ మాట చెప్పవలసి వచ్చిన ప్రతిసారీ నాకు మనసు చివుక్కుమంటుంది.

మీ ఇంట్లో వంటింటి త్రాసు ఉంటే ఒక పని చేయండి. బ్రష్షును త్రాసు పళ్లెం మీద ఆనించి, రోజూ పళ్ల మీద ఎంత బలంగా నొక్కుతారో అంతే నొక్కండి. అంకె 150 గ్రాముల దగ్గర, మహా అయితే 200 దగ్గర ఆగాలి. 400 దాటేవారిని నేను చూశాను. మీరూ ఆ జట్టులోనే ఉండి ఉంటారు. చెయ్యి తేలిక కావాలంటే పట్టు మార్చాలి: పిడిని పిడికిట బిగించకుండా, కలం పట్టుకున్నట్టు వేళ్ల మధ్య పట్టుకోండి. వేళ్లకు అంత బలం ఉండదు, అదే మనకు మేలు. పోగుల కొనలను చిగురు అంచు వైపు 45 డిగ్రీల వాలుగా ఆనించి, ఉన్నచోటే చిన్నగా కదిలించండి. ఒకటి రెండు పళ్లు అయ్యాక పక్కకు జరగండి. చార్లెస్ బాస్ అనే అమెరికన్ వైద్యుడు గత శతాబ్దంలో వివరించిన పద్ధతి ఇది. ఆయన పేరుతోనే ఈనాటికీ దంతవైద్య కళాశాలల్లో నేర్పుతున్నారు.

బ్రష్షు మెత్తనిదే కొనండి. మెత్తని రకం పోగు మందం సుమారు 0.2 మిల్లీమీటర్లు, గట్టి రకంలో 0.4 దాకా ఉంటుంది. పోగు మందం రెట్టింపయితే గట్టిదనం రెట్టింపుతో ఆగదు, ఎన్నో రెట్లు పెరుగుతుంది. పాచి మెత్తటి పదార్థం, దాన్ని తీయడానికి గట్టి పోగు అవసరం లేదు. పాచి గట్టిపడి గార అయిపోతే ఏ బ్రష్షుకూ రాదు, అది మా పనిముట్లతో తీయవలసిందే.

ఇక మీ భార్య సంగతి. ఐదు నెలలకు కూడా పోగులు నిటారుగా ఉన్నాయంటే రెండు కారణాలు ఉండవచ్చు. ఆమె చెయ్యి తేలిక అయినా కావాలి, లేదా ఆమె తోముకునే సమయం చాలా తక్కువ అయినా కావాలి. రెండు పూటలా రెండేసి నిమిషాలు తోముకుంటున్నారేమో గడియారం పెట్టి చూసుకోమనండి. అలా చేస్తూ ఉంటే ఆమె చెయ్యి బంగారం. అయినా నాలుగు నెలలు దాటనివ్వవద్దు. కంటికి కనిపించకపోయినా నైలాన్ పోగు వంగి లేచే గుణం మెల్లగా తగ్గుతుంది. కొత్త బ్రష్షు తీసిన రోజునే పిడి మీద చెరగని సిరాతో తేదీ రాసుకుంటే ఇద్దరికీ లెక్క తప్పదు.

ప్రశ్న: ఇంట్లో ఆరుగురం ఉన్నాం. ఆరు బ్రష్షులూ స్నానాల గదిలో ఒకే గ్లాసులో పెడతాం. టాయిలెట్ కూడా ఆ గదిలోనే ఉంది. క్రిములు చేరకుండా అన్నింటికీ ప్లాస్టిక్ మూతలు తొడగాలని మా అత్తగారు పట్టుబడుతున్నారు. గ్లాసు అడుగున నల్లటి జిగురులాంటిది ఏర్పడుతోంది. అదేమిటి?
– ఒక గృహిణి

జవాబు: అమ్మా, ముందు ఆ గ్లాసు సంగతి చూడండి. బ్రష్షుల నుంచి కారిన నీళ్లు, పేస్టు, నోటి నుంచి వచ్చిన పదార్థం అడుగున నిలిచి, వాటి మీద సూక్ష్మజీవులు, బూజు పెరిగి అలా జిగురుగా మారాయి. ప్రతిరోజూ ఆరు పిడులూ అందులో మునుగుతున్నాయి. ఆ పిడులనే మీరంతా చేత్తో పట్టుకుంటున్నారు. ఈ రోజే దాన్ని సబ్బుతో రుద్ది కడిగి ఎండబెట్టండి. ఇకమీదట వారానికొకసారైనా కడగండి. వీలైతే అడుగున రంధ్రాలున్న స్టాండు కొనుక్కోండి, నీళ్లు నిలవవు.

మీ అత్తగారి శ్రద్ధ నాకు నచ్చింది. ఆవిడకు నా మాటగా ఇలా చెప్పండి: బ్రష్షుకు తడి శత్రువు, గాలి స్నేహితుడు. నోటిలోని సూక్ష్మజీవులు చాలావరకు తడిలోనే బతుకుతాయి, ఆరితే చాలా తగ్గిపోతాయి. తడి బ్రష్షుకు మూత బిగిస్తే లోపల చెమ్మ అలాగే ఉండి అవి పెరగడానికి మనమే చోటిచ్చినట్టవుతుంది. ప్రయాణంలో మూత తప్పదు. అప్పుడు కూడా రంధ్రాలున్న మూత వాడండి, గమ్యం చేరగానే తీసి ఆరబెట్టండి.

తోముకున్నాక కుళాయి ధార కింద పోగులను బొటనవేలితో విడదీస్తూ కడగాలి. మొదళ్లలో పేస్టు తెల్లగా మిగలకూడదు. తర్వాత పిడిని గట్టు అంచుకు రెండు మూడుసార్లు తట్టి నీళ్లు రాల్చి, తల పైకి ఉండేలా నిలబెట్టాలి. ఆరుగురి బ్రష్షుల తలలూ ఒకదానికొకటి తగలకుండా ఎడం ఉండాలి. అది చాలా అవసరం. మీ ఇంట్లో ఎవరి చిగుళ్ల నుంచైనా రక్తం వస్తుంటే అది పక్క బ్రష్షుకు అంటుతుంది.

టాయిలెట్‌లో నీళ్లు వదిలినప్పుడు కంటికి కనిపించని తుంపరలు గాలిలోకి లేస్తాయి. మూత దించి నీళ్లు వదలడం అందరికీ అలవాటు చేయండి. బ్రష్షులను ఆ గదిలోంచి తీసి గాలి వచ్చే ఇంకో చోట పెట్టగలిగితే మరీ మంచిది. ఉదయం తోముకున్న బ్రష్షు రాత్రికి కూడా తడిగా తగులుతుంటే, మనిషికి రెండేసి బ్రష్షులు పెట్టుకుని పూటకొకటి వాడండి.

ప్రశ్న: నా వయసు 71. చిన్నప్పుడు మా నాన్నగారు నేర్పిన ప్రకారం ప్రతి ఆదివారం బ్రష్షును మరుగుతున్న నీళ్లలో పది నిమిషాలు ఉంచుతాను. మా మనవడు అలా చేయకూడదని వాదిస్తున్నాడు. క్రిములు చావాలంటే మరిగించడం కన్నా మంచి మార్గం ఏముంది?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు

జవాబు: మాస్టారూ, మరిగే నీళ్లకు క్రిములు చస్తాయన్న మీ మాట నూటికి నూరుపాళ్లు నిజం. చిక్కల్లా బ్రష్షుతోనే. 1938కి ముందు బ్రష్షులకు ఎక్కువగా పంది వెంట్రుకలు వాడేవారు. ఆ వెంట్రుక త్వరగా ఆరదు, సూక్ష్మజీవులను పట్టి ఉంచుతుంది. 1938లో నైలాన్ పోగుల బ్రష్షు అమ్మకానికి వచ్చింది. నైలాన్‌తో తయారై ప్రజల చేతికి వచ్చిన మొట్టమొదటి వస్తువు కూడా అదే. ఇప్పుడు మీ చేతిలో ఉన్నది నైలాన్ పోగు. అది త్వరగా ఆరుతుంది, కానీ వేడికి మెత్తబడి ఆకారం కోల్పోతుంది. పది నిమిషాలు మరిగించిన బ్రష్షును, అదే రకం కొత్త బ్రష్షును పక్కపక్కన పెట్టి మీ బొటనవేలి గోరు మీద నొక్కి చూడండి. మరిగించిన దాని పోగులు నొక్కినచోటే వాలిపోయి మెల్లగా లేస్తాయి, కొత్తవి వెంటనే నిలబడతాయి. క్రిములు పోయాయి, పాచి తీసే శక్తి కూడా పోయింది.

మైక్రోవేవ్‌లో పెట్టడం, గిన్నెలు కడిగే యంత్రంలో వేయడం కూడా ఇదే కారణంతో వద్దు. క్రిమిసంహారక మౌత్‌వాష్‌లో కాసేపు ముంచితే తప్పు లేదు, కానీ ఆరోగ్యవంతులకు దాని అవసరం లేదు. ముంచేవారు ఒక సంగతి మరవకూడదు: ఇంటిల్లిపాది బ్రష్షులనూ ఒకే పాత్రలో ముంచకూడదు. నోరు స్వతహాగా వందల రకాల సూక్ష్మజీవులకు ఇల్లు. మన బ్రష్షు మీద ఉన్నవి చాలావరకు మన నోటివే. వాటిని పూర్తిగా చంపి మళ్లీ నోట్లో పెట్టుకుంటే మొదటి నిమిషంలోనే తిరిగి చేరతాయి.

క్యాన్సర్ చికిత్సలో ఉన్నవారు, అవయవ మార్పిడి జరిగినవారు, రోగనిరోధక శక్తి తగ్గినవారు మాత్రం తమ వైద్యుణ్ణి అడిగి ఇంకా తరచుగా, ఇంకా మెత్తని బ్రష్షులు మార్చుకోవాలి. మీకు అలాంటిదేమీ లేకపోతే చల్లటి నీళ్లు, గాలి చాలు. వాదనలో మీ మనవడిదే పైచేయి అయింది. ఆ విషయం అతనికి మీరే చెప్పండి, ఎంతో పొంగిపోతాడు.

ప్రశ్న: జలుబు, గొంతునొప్పి తగ్గిన వెంటనే బ్రష్షు పారేయాలా?
– ఒక విద్యార్థిని

జవాబు: అక్కర్లేదమ్మా. నిన్ను బాధపెట్టిన ఆ వైరస్‌ను నీ శరీరం ఇప్పటికే గుర్తుపట్టి తరిమేసింది, నీ బ్రష్షు వల్ల అదే జలుబు నీకు మళ్లీ అంటుకోవడం జరిగే పని కాదు. జబ్బుగా ఉన్న రోజుల్లో మాత్రం నీ బ్రష్షును ఇంట్లోవారి బ్రష్షులకు దూరంగా పెట్టు. పేస్టు గొట్టం మూతి మీ అందరి బ్రష్షులకూ తగులుతుంది కాబట్టి ఆ వారం నీకు వేరే పేస్టు ఉంటే మంచిది. పోగులు ఎలాగూ అరిగిపోయి ఉంటే ఈ వంకతో మార్చెయ్యి.

ప్రశ్న: మాకు పెళ్లయి ఏడు నెలలు. నా భర్త తన బ్రష్షు కనిపించకపోతే నాది తీసి వాడేస్తారు. వద్దంటే "మనలో మనకు భేదమేమిటి" అని నవ్వేస్తారు. నాకు ఇబ్బందిగా ఉంది, ఎలా చెప్పాలో తెలియడం లేదు.
– పేరు రాయవద్దని కోరిన పాఠకురాలు

జవాబు: మీ ఇబ్బంది న్యాయమైనది. ఈ పత్రిక ఆయన చేతికిచ్చి ఈ జవాబు చదవమనండి.

బాబూ, మీ మాటలో ప్రేమ ఉంది, నాకు అర్థమైంది. కానీ బ్రష్షు చిగుళ్లను తాకే వస్తువు. చిగుళ్ల నుంచి కొద్దిపాటి రక్తం రావడం చాలామందిలో ఉంటుంది, వాళ్లకే తెలియదు. ఆ రక్తం పోగుల మధ్య చేరుతుంది. హెపటైటిస్ బి వైరస్ శరీరం బయట కనీసం ఏడు రోజులు బతికి ఉండగలదు. హెపటైటిస్ సి కూడా రక్తం ద్వారా వ్యాపించేదే. ఈ రెండు జబ్బుల్లోనూ మనిషికి ఏళ్ల తరబడి ఏ లక్షణమూ కనిపించకపోవచ్చు. క్షవరం బ్లేడు, గోళ్లు కత్తిరించే సాధనం, పళ్ల బ్రష్షు పంచుకోవద్దని వైద్యులు చెప్పేది అందుకే. భార్యాభర్తలకూ, తల్లీబిడ్డలకూ ఇదే నియమం. మీ బ్రష్షు తరచుగా కనిపించకుండా పోతోంది కాబట్టి రెండు కొనిపెట్టుకోండి, మీ భార్య బ్రష్షు రంగుకు పూర్తిగా భిన్నమైన రంగులో.

ప్రశ్న: మా బాబుకు మూడున్నరేళ్లు. బ్రష్షు ఇస్తే తోముకోకుండా నమిలేస్తాడు. రెండు వారాలకే పోగులు చీపురులా అయిపోతున్నాయి. బ్రష్షు నోట్లో పెట్టుకుని ఇల్లంతా పరుగెడతాడు. అన్నిసార్లు కొత్తవి కొనాలా?
– ఇద్దరు పిల్లల తల్లి

జవాబు: పరుగు సంగతి ముందు. బ్రష్షు నోట్లో ఉండగా పిల్లవాడు బోర్లా పడితే పిడి వెనక నుంచి తోసుకుని అంగిలిలోకి, గొంతులోకి గుచ్చుకుంటుంది. అంగిలి చీరుకుపోయిన పసివాళ్లకు కుట్లు వేసే చోట నేను నిలబడ్డాను. ఆ తల్లుల ముఖాలు ఇప్పటికీ నాకు గుర్తే. బ్రష్షు నోట్లో ఉన్నంతసేపూ పిల్లవాడు కూర్చునే ఉండాలి, పెద్దవారు పక్కనే ఉండాలి. ఈ నియమంలో ఒక్కరోజు కూడా సడలింపు వద్దు.

నమిలే బ్రష్షు వేరు, తోమే బ్రష్షు వేరు అనుకోండి. ఒకటి వాడి చేతికిచ్చి మీ ఒడిలో కూర్చోబెట్టుకుని ఆడుకోనివ్వండి. పోగులు ఊడి రాకుండా మాత్రం రోజూ లాగి చూడండి, ఊడుతుంటే పారేయండి. రెండోది మీ దగ్గరే దాచుకుని, వాడి ఆట అయ్యాక మీరు తోమండి. అది రెండు వారాలకు పాడవదు. వాడి తల మీ ఒడిలో, ముఖం పైకి ఉండేలా పడుకోబెడితే వెనక పళ్లు కూడా కనిపిస్తాయి. ఏడెనిమిదేళ్లు వచ్చేదాకా పిల్లలకు పెద్దవారి చెయ్యి పడాల్సిందే. అప్పటిదాకా వాళ్ల వేళ్లకు అంత నేర్పు రాదు.

ఫ్లోరైడ్ ఉన్న పేస్టు మూడేళ్ల లోపు పిల్లలకు బియ్యపు గింజంత, మూడు నుంచి ఆరేళ్ల వరకు బఠాణీ గింజంత చాలు. బ్రష్షు పొడవునా పాములా పరచడం ప్రకటనల్లో బాగుంటుంది, పిల్లలు దాన్ని మింగేస్తారు.

ప్రశ్న: కింది వరుసలో కుడివైపు తోముకుంటే రక్తం వస్తోంది. భయపడి రెండు నెలలుగా ఆ వైపు బ్రష్షు పెట్టడం మానేశాను, వేలితో రుద్దుకుంటున్నాను. ఇప్పుడు ముట్టుకుంటేనే రక్తం. బ్రష్షు గట్టిదవడం వల్లనే ఇలా జరిగిందా?
– 29 ఏళ్ల ఉద్యోగి

జవాబు: ఈ నెల ఉత్తరాలన్నింటిలో నన్ను ఎక్కువ కలవరపెట్టింది మీదే. మీలాగే చేసేవారు వందల మంది ఉన్నారు. రక్తం కనిపిస్తే ఆ చోటును వదిలేయాలనిపించడం సహజం. చేతి మీద గాయమైతే మనం తాకం కదా. చిగురు విషయంలో లెక్క తిరగబడుతుంది. రక్తం వస్తున్నది చాలావరకు అక్కడ పాచి నిలిచి చిగురు వాచినందువల్ల. మీరు తోమడం మానేసేసరికి పాచి పెరిగింది, వాపు పెరిగింది, ఇప్పుడు వేలు తగిలినా రక్తం వస్తోంది.

1965లో హారల్డ్ లో అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు ఒక అధ్యయనం ప్రచురించారు. ఆరోగ్యంగా ఉన్న 12 మందిని పళ్లు శుభ్రం చేసుకోవడం పూర్తిగా మానేయమన్నారు. 10 నుంచి 21 రోజుల్లో వారందరికీ చిగుళ్లు వాచాయి. మళ్లీ తోముకోవడం మొదలుపెట్టగానే కొద్ది రోజుల్లో అందరి చిగుళ్లూ మామూలు స్థితికి వచ్చాయి. మీవంటి వారు నా ముందు కూర్చున్నప్పుడల్లా నేను ఈ 12 మంది సంగతి చెబుతాను. వాపు ఇంకా ఎముక దాకా పోకుండా చిగురులోనే ఉంటే, వెనక్కు తిప్పవచ్చని వారి నోళ్లే రుజువు చేశాయి.

ఈ రాత్రే కొత్త మెత్తని బ్రష్షు తీయండి. వాలుగా ఆనించి, త్రాసు లెక్కలో చెప్పినంత తేలికగా, ఆ వైపు కూడా తోమండి. మొదటి నాలుగైదు రోజులు నురగ ఎర్రగా వస్తుంది, భయపడకండి, ఆపకండి. బ్రష్షు పోగు పంటికీ పంటికీ మధ్య సందులోకి దూరదు, రోజుకొకసారి అక్కడ దంతదారం వాడాలి. పదిరోజులకు రక్తం తగ్గుముఖం పడుతుంది. రెండు వారాలు దాటినా తగ్గకపోయినా, పన్ను కదులుతున్నా, చీము కనిపించినా వెంటనే దంతవైద్యుల దగ్గరకు వెళ్లండి. రెండు నెలల్లో గార పట్టి ఉంటే అది ఇంట్లో పోదు. రక్తం పలచబడే మందులు వాడుతున్నా, శరీరంలో ఇంకెక్కడైనా కారణం లేకుండా కమిలిన మచ్చలు వస్తున్నా ఆ సంగతి తప్పకుండా చెప్పండి. వెళ్లేటప్పుడు పాత బ్రష్షు కూడా పట్టుకెళ్లండి.

ప్రశ్న: బ్యాటరీ బ్రష్షు మంచిదా, మామూలుదా? దాని తల కూడా మార్చాలా?
– ఒక పాఠకుడు

జవాబు: మామూలు బ్రష్షుతో సరిగ్గా తోముకునేవారికి మార్చవలసిన అవసరం లేదు. సగటు మనిషికి మాత్రం యంత్రం కొంత మెరుగే. 2014లో కాక్రేన్ సంస్థ ఎన్నో పరీక్షలను కలిపి చూసినప్పుడు, మూడు నెలలకు పైగా విద్యుత్ బ్రష్షు వాడినవారిలో మామూలు బ్రష్షు వాడినవారికన్నా పాచి 21 శాతం, చిగుళ్ల వాపు 11 శాతం తక్కువగా ఉన్నాయి. తల కూడా మూడు నెలలకు మార్చాల్సిందే, పోగులు వాలితే ఇంకా ముందే. తలను విడదీసి ఆ కాడ చుట్టూ కూడా కడగండి, అక్కడ బంక చేరుతుంది. యంత్రాన్ని పళ్ల మీద ఆనించి జరుపుతూ పోవాలి, దాంతో మళ్లీ రుద్దకూడదు.

ప్రశ్న: మా నాన్నగారికి 78 ఏళ్లు. చేతులు వణుకుతాయి. బ్రష్షు పట్టు జారి పడిపోతుంది. నేను తోముతానంటే అభిమానపడతారు. పైన కట్టుడు పళ్లు, కింద సొంత పళ్లు పది ఉన్నాయి. వాటినైనా కాపాడాలని నా తాపత్రయం.
– ఒక కూతురు

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఆ పది పళ్లూ నిలిచేలా చూద్దాం.

ఆయన అభిమానాన్ని కాపాడుతూ మొదలుపెట్టండి. సన్నని పిడి వణికే వేళ్లకు అందదు, లావు పిడి అందుతుంది. ఒక మెత్తని రబ్బరు బంతికి ఇటు నుంచి అటు రంధ్రం చేసి బ్రష్షు పిడిని అందులో దూర్చండి. లేదా సైకిలు హ్యాండిలుకు తొడిగే రబ్బరు పిడిని తొడగండి. నా దగ్గరకు వచ్చే ఒక పెద్దాయన బంతి పిడితో ఏడాదిగా సొంతంగా తోముకుంటున్నారు. తొడుగును వారానికొకసారి తీసి కడిగి ఆరబెట్టాలి, లోపల తడి నిలుస్తుంది. బ్రష్షు మార్చినప్పుడు బంతి అదే ఉంటుంది. తల చిన్నదిగా, పోగులు మెత్తగా ఉన్న రకం చూడండి. బ్యాటరీ బ్రష్షు పిడి సహజంగానే లావు కాబట్టి కొందరికి అదే హాయిగా ఉంటుంది. చేతిలో ఆ కదలిక ఆయనకు ఇబ్బంది కలిగిస్తుందేమో ముందు చూసుకోండి.

కట్టుడు పళ్లకు వేరే బ్రష్షు, వేరే రంగు. వాటిని టూత్‌పేస్టుతో తోమకండి, దానిలోని గరుకు పొడికి సన్నని గీతలు పడి అక్కడే పాచి చేరుతుంది. తేలికపాటి ద్రవసబ్బు చాలు. కింద తువ్వాలు పరిచిగానీ తొట్టిలో నీళ్లు నింపిగానీ కడిగితే చెయ్యి జారినా విరగవు. రాత్రి తీసి నీళ్లలో ఉంచాలి.

ఆయన తోముకున్నాక "ఒక్కసారి నేను చూస్తాను నాన్నా" అని మీరు అడగండి. ఎదురుగా నిలబడకండి. ఎదురుగా నిలబడితే పసివాడికి చేసినట్టు ఉంటుంది, చెయ్యి కూడా సరిగ్గా తిరగదు. ఆయన్ను కుర్చీలో కూర్చోబెట్టి వెనక నిలబడి, ఆయన తల మీ పొట్టకు ఆనించుకోండి. ఎడమచేత్తో గడ్డాన్ని పట్టుకుని, చూపుడువేలితో కింది పెదవిని కొంచెం కిందికి లాగితే పది పళ్లూ కనిపిస్తాయి. ముందు పళ్ల లోపలి పక్కన, నాలుక ఆనే చోట, గార ఎక్కువ పడుతుంది. అక్కడ బ్రష్షును నిలువుగా పట్టి కొనతో తోమండి. వచ్చే నెల నాన్నగారి బ్రష్షు ఎలా ఉందో నాకు రాయండి: పోగులు ఎటు వాలాయో, ఎన్ని వారాలకు వాలాయో.